చప్పట్లు వద్దన్న తమ్ముడు

లాండ్రీ వదినని పోయినవారం ఆమె దుకాణం గడప మీదే నిలబెట్టి వదిలేశాం. ఆమె చేతిలో తడి జెర్సీ ఉంది. ఎదురుగా రోడ్డు మీద స్టీరింగు బాబాయి ఉన్నాడు. ఆయన వెనకాల బాస్కెట్‌బాల్ పిచ్చి ముదిరినవాళ్ళు ఓ పాతికమంది ఉన్నారు. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపి దిగిన మనిషి కాబట్టి ఆయనకా పేరు వచ్చింది గానీ, ఇప్పుడాయన తిప్పేది స్టేడియంలో తూర్పు గ్యాలరీని. ఆయన అన్న మాట ఇది:

"చెల్లెమ్మా, నీ తమ్ముణ్ణి కోచ్‌ని చేశారు. మాకు నచ్చలేదు. శనివారం ఆటలో నువ్వు చెయ్యెత్తితే మేమూ చప్పట్లు కొడతాం. నువ్వెత్తకపోతే చేతులు ముడుచుకు కూచుంటాం. ఇక నీ ఇష్టం."

బరువంతా తెచ్చి ఆడమనిషి నెత్తిన పెట్టేసి, బస్సు బయల్దేరే టైమైనట్టు గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం రానే వచ్చింది. ఇవాళ గెలిస్తే జట్టు పెద్ద లీగులో ఉంటుంది. ఓడితే కింది లీగుకి దిగిపోతుంది, వదిన తమ్ముడు ఇంటికి పోతాడు. లెక్కలో మూడో దారి లేదు.

తమ్ముడికి నలభై దాటినా ఊళ్ళో అందరికీ కట్లబ్బాయే. పన్నెండేళ్ళుగా ఆటగాళ్ళ చీలమండలకి కట్లు కట్టడం అతని పని. ఆటకి ముందు చుట్టాలి, ఆట అయ్యాక కత్తెరతో చీల్చి తియ్యాలి. ఈల ఊది ఎరగడు. బోర్డు మీద గీతలు గీసి ఎరగడు. పాత కోచ్ వరసగా తొమ్మిది ఆటలు ఓడి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ కోసం బయటినుంచి ముగ్గురొచ్చారు. కుర్చీని చూశారు, పాయింట్ల పట్టికని చూశారు, మెల్లగా జారుకున్నారు. చివరికి యాజమాన్యం కళ్ళు ఆటగాళ్ళ గదిలో మూల బెంచీ మీద తలొంచుకుని కట్లు చుట్టుకుంటున్న మనిషి మీద పడ్డాయి.

ఊరు ఊరుకుంటుందా? వారమంతా అదే రంధి. కట్లు కట్టేవాడు జట్టు కడతాడట అని క్షౌరశాలలో ఒకడు అన్నాడు. సాయంత్రానికి అది బస్టాండు దాటి మార్కెట్ దాకా వెళ్ళి, కట్టు తప్పిన జట్టుకి కట్లబ్బాయే గతి అని మారి తిరిగొచ్చింది. పన్నెండేళ్ళలో ఆటగాళ్ళని మోకాళ్ళ పైన ఎప్పుడైనా చూశాడా అని కళ్ళజోళ్ళ షాపావిడ అడిగింది. పళ్ళ డాక్టరైతే తన కుర్చీలో పడుకున్న ప్రతివాడి నోరూ తెరిపించి, అద్దం లోపల పెట్టి, అప్పుడు మొదలుపెట్టేవాడు ఉపన్యాసం. నోట్లో అద్దం ఉన్నవాడు ఎదురు చెప్పలేడు కదా. వారం తిరిగేసరికి ఊళ్ళో సగంమంది తనతో ఏకీభవించారని ఆయన నమ్మకం.

ఇవన్నీ వదిన చెవిన పడుతూనే ఉన్నాయి. లాండ్రీకి బట్టలు తెచ్చేవాళ్ళు మూటతోపాటు మాటలూ తెచ్చి బల్ల మీద పడేసి పోతారు. ఆమె మూటకి చీటీ కట్టేది. మాటలకి ఏం కట్టాలో తెలిసేది కాదు. అయినా శుక్రవారం రాత్రి పడుకునే ముందు ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఊరేమన్నా అననీ. తోడబుట్టినవాడు. చెయ్యెత్తుతుంది.

శనివారం పొద్దున్నే యంత్రాలన్నీ నడుస్తున్నాయి. ఆవిరి నేలనుంచి లేచి, కిటికీలోంచి వచ్చే ఎండని తాకి, తెల్లగా ఆగిపోయింది. ఆ తెలుపులో పన్నెండు జెర్సీలు తీగ మీద భుజాలతో వేలాడుతున్నాయి. లోపల మనిషి లేకుండానే ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఏదో గుసగుసలాడుకుంటున్నట్టు ఊగుతున్నాయి. అలాంటి వేళల్లో వదినకి తను దుకాణంలో లేనట్టు, ఏదో నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు ఉంటుంది. ఆమె భర్త పోయి మూడేళ్ళు. ఈ ఆవిరిలో మాత్రం ఆయన ఇంకా పూర్తిగా పోలేదు. ప్రెస్ మిషన్ పెడల్ మీద కాలు వేస్తే చాలు, పక్కనే నిలబడి అలవాటుగా ఒక చొక్కా అందిస్తున్నట్టుంటుంది.

వెనక తలుపు తోసుకుని తమ్ముడు వచ్చాడు. కోచ్‌కి ఇచ్చిన కోటు వేసుకున్నాడు. అది ఎవరో పెద్దమనిషి కోసం కుట్టినట్టుంది. ఉతకాల్సిన దుప్పట్ల మూట మీద కూలబడి, సంచిలోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టాడు.

చీలమండ కట్లు. ఒక్క కత్తిరింపుతో చీల్చి తీసినవి. లోపలి కాలు వెళ్ళిపోయినా కాలి ఆకారం అలాగే ఉండిపోయింది. పాము విడిచిన కుబుసంలా తేలిగ్గా, బోలుగా ఉన్నాయి.

"ఏంట్రా ఇవి?"

"రెండూ ఒక్కడివే అక్కా. మన ఎడమచెయ్యివి."

ఎడమచెయ్యి అంటే జట్టు కెప్టెన్. తమ్ముడు ఒక కట్టు మీద వేలు పెట్టి చూపించాడు. అది బయటి ఊళ్ళో ఆడొచ్చాక విప్పింది. మడమ దగ్గర నున్నగా, చుట్టింది చుట్టినట్టే ఉంది. రెండోది సొంత ఊళ్ళో ఆడాక విప్పింది. మడమ దగ్గర అడ్డంగా ఒక ముడత. ఒకళ్ళది కాదు అన్నాడు. జట్టులో ఎవరి కట్టు విప్పినా ఇంతే. పన్నెండేళ్ళుగా ఇంతే.

ఆమె ముడతని వేలితో రాసి చూసింది. ముడతలు ఆమెకి కొత్త కాదు. ఏ ముడత కూచుంటే పడిందో, ఏది నిద్రలో పడిందో, ఏది ఎవరో గుంజితే పడిందో బట్ట చూసి చెప్పగలదు.

"మడమ ముందే లేచిపోయింది," అంది. "తొందరపడ్డాడు."

"ఎక్కడ తొందరపడ్డాడో చెప్పనా? ఫ్రీ త్రో గీత దగ్గర."

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఎదుటి జట్టువాడు మనవాణ్ణి తోసినా గుద్దినా మనకి దక్కే బంతి అది. గీత దగ్గర ఒక్కడే నిలబడి, ఎవరి అడ్డూ లేకుండా, తీరిగ్గా బుట్టలో వేసుకోవచ్చు. తూర్పు గ్యాలరీ ప్రాణమంతా అప్పుడే. లాండ్రీ వదిన భర్త పదిహేనేళ్ళ కిందట కనిపెట్టిన చప్పట్లు కొట్టేది అప్పుడే. ఆయన లేచి చేతులెత్తితే రెండువేలమంది చేతులెత్తేవాళ్ళు. ఒకటి. కాస్త ఆగి రెండు. ఇంకాస్త ఆగి మూడు. మూడో దెబ్బకి బంతి గాల్లోకి లేవాలి. ఆయన పోయాక ఆ చెయ్యెత్తే పని వదినది. ఆమె ఎత్తకుండా ఒక్కడూ మొదలుపెట్టడు, అది ఆ గ్యాలరీ కట్టుబాటు.

తమ్ముడు తీగ మీదనుంచి ఒక జెర్సీ తీసి అందించి, ఇస్త్రీ చెయ్యక్కా అన్నాడు. ఇప్పుడెందుకురా అంటే, చెయ్యి, చెవి పెట్టి విను అన్నాడు.

ఆమె జెర్సీని పలక మీద పరిచి పెడల్ తొక్కింది. పై పలక దిగింది, దబ్. ఆవిరి వదిలింది, సుయ్. పలక లేచింది, టక్. మళ్ళీ ఒకసారి తొక్కింది. ఇరవయ్యేళ్ళుగా రోజూ వింటున్న చప్పుడే. దబ్... సుయ్... టక్. ఆమె కాలు పెడల్ మీద ఉండగానే చేతులు వాటంతటవే పైకి లేచాయి. ఒకటి. కాస్త ఆగి రెండు. ఇంకాస్త ఆగి మూడు.

వదిన కాలు తీసేసింది.

ఆవిరి చాలాసేపు చల్లారలేదు. అందులోంచి తమ్ముడి గొంతు మెల్లగా, ఎక్కడో పక్కింట్లోంచి వస్తున్నట్టు వచ్చింది. బావకి వేరే తాళం ఎక్కడిది అన్నాడు. పొద్దున లేస్తే విన్నది ఇదే. ఆయన మనసారా కొట్టాడు. రెండువేలమందీ మనసారా కొట్టారు. గీత దగ్గర నిలబడ్డవాడికి వాడి ఊపిరి ఒకటుంటుంది. అది ఇస్త్రీ మిషన్ ఊపిరి కాదు. మూడో దెబ్బ పడేసరికి ఇంకా గుండెలో గాలి నిండి ఉంటుంది, అయినా వదలాలి, ఊరు కొట్టేసింది కదా. మడమ లేస్తుంది. బంతి అంచుకి తగులుతుంది. సాధనలో మనవాళ్ళు పదికి ఎనిమిది వేస్తారు. బయటి ఊళ్ళో జనం నానా బూతులూ తిడుతుంటే ఏడు వేస్తారు. మన గ్యాలరీ ముందు అయిదు.

"అయిదేనా?"

"పడితే చప్పట్ల మహిమ అనుకున్నాం. పడకపోతే వేసినవాడి చేతి పాపం అనుకున్నాం. ఎవరూ లెక్కెట్టలేదు."

వదిన స్టూలు మీద కూచుంది. ఆమె కళ్ళముందు ఒక మనిషి నిలబడ్డాడు, జెర్సీల మధ్యలో, వాటికంటే తలంత ఎత్తుగా. పొడుగు. ఊరు పెట్టిన పేరది, అప్పటి కెప్టెన్‌కి. ఆరేళ్ళ కిందట ఫైనల్లో ఆఖరి క్షణాన రెండు ఫ్రీ త్రోలు దక్కితే రెండూ పోగొట్టాడు. ఒక్క పాయింటు తేడాతో కప్పు పోయింది. ఆ మర్నాడు నుంచి ఊళ్ళో అతనికి ఎవరూ మొహం చూపించలేదు. వదిన భర్త మెత్తని మనిషి, చీమకి దారిచ్చే రకం, ఆయన కూడా పొడుగు ఇచ్చిన బట్టల మూటని విప్పకుండా వెనక్కిచ్చేశాడు. ఈ దుకాణంలో నీ చొక్కా ముడత తియ్యం అన్నాడు. ఆ నలిగిన మూట చంకన పెట్టుకుని ఆ పొడుగు మనిషి వంగి గుమ్మం దాటడం ఆమె చూసింది. నెల తిరక్కుండా ఊరొదిలి పోయాడు.

"పొడుగు కట్టు కూడా నువ్వే విప్పావు కదా ఆ రోజు," అంది.

తమ్ముడు తలూపాడు.

"ముడత ఉందా?"

"ఉంది."

"అంటే నీకు అప్పుడే తెలుసు."

అతను కోటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు.

"తెలుసక్కా."

వదినకి భర్త మీద కోపం రాలేదు. తెలియక చేసినవాడి మీద ఏం కోపం. ఎదురుగా కూచున్నవాడు మాత్రం తెలిసి నోరు మూసుకున్నాడు. ఆ మనిషిని ఊరంతా కలిసి వెళ్ళగొడుతుంటే నువ్వు పక్కన కూచుని కట్లు చుట్టుకున్నావా అని అడిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి తేలికయ్యేది. తమ్ముడు చాలా చెప్పబోయాడు. బావే కదా నన్ను స్టేడియంలో పనికి పెట్టించింది, ఆయన కనిపెట్టిన చప్పట్ల వల్లే కప్పు పోయిందని ఆయన మొహాన ఎలా అనేది, కట్లవాడి మాట ఎవడు వింటాడు అని. చెప్పినకొద్దీ మాటలు చిన్నవైపోయి, చివరికి ఆగిపోయాడు.

"మరి ఇప్పుడెందుకు నోరొచ్చింది?"

"ఇప్పుడు కోచ్‌నక్కా. ఇవాళ ఎడమచెయ్యి పోగొడితే రేపు వాణ్ణి తరుముతారు. ఈసారి కూడా చుట్టుకుంటూ కూచోమంటావా?"

అప్పుడతను అసలు వచ్చిన పని చెప్పాడు. సాయంత్రం నువ్వు చెయ్యి కలపకు. కారణం ఎవరికీ చెప్పొద్దు, బావ పేరు బయటికి రానక్కర్లేదు. సొంత అక్కే తమ్ముడికి చప్పట్లు కొట్టలేదని ఊరంతా ఆడిపోసుకుంటుంది. నన్ను అననీ, నాకు అలవాటే. నిన్నూ అంటారు. భరిస్తావా?

ఆటగాళ్ళకి చెప్పావా అని అడిగింది వదిన. లేదన్నాడు. ఆట ముందు వాళ్ళ తలలో ఈ పురుగు దూరిస్తే గీత దగ్గర అదే తొలుస్తుంది, తెలియకపోతేనే మంచిదని తన లెక్క. చెబుతున్నప్పుడు అతని మొహంలో మొదటిసారి కోచ్ లాంటి ధీమా కనిపించింది. ఆమెకి ఎందుకో మనసులో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది గానీ, ఆట సంగతి తనకేం తెలుసని ఊరుకుంది.

తమ్ముడు వెనక తలుపున వెళ్ళిన పావుగంటకి ముందు తలుపున స్టీరింగు బాబాయీ, పళ్ళ డాక్టరూ వచ్చారు. ఇద్దరి మొహాలూ తప్పు చేసి వచ్చిన పిల్లల మొహాల్లా ఉన్నాయి. వారం రోజులుగా బాబాయికి నిద్ర లేదట. వదిన భర్త కలలోకి వచ్చి గ్యాలరీ మెట్ల మీద ఒక్కడే కూచుని, ఏంటి బావా, నా ఇంటావిణ్ణి నడివీధిలో నిలబెట్టావా అని అడిగాడట. నిలబెట్టి అడిగితే ఏం చెప్పేది? డాక్టరు ఇంకా ముందుకెళ్ళాడు. ఉన్న పేషెంట్లందరికీ నోట్లో అద్దం పెట్టి ఇవాళ ఉపన్యాసం మార్చి చెప్పాడట, కొత్తవాడైతే ఏం, మనవాడు కాదా అని. మొత్తానికి తేల్చిందేమిటంటే చేతులు ముడుచుకోవడం రద్దు. కట్లబ్బాయికి తూర్పు గ్యాలరీ ఇవాళ అండ.

"ఇవాళ కొట్టే చప్పట్లకి పైకప్పు రేకులు లేవాలి చెల్లెమ్మా," అన్నాడు బాబాయి. "మా బావ పేరు నిలబెడతాం."

వదిన వద్దు బాబాయీ అనడానికి నోరు తెరిచింది. ఎందుకొద్దు అంటే? నీ బావ తాళం తప్పు అనాలి. పదిహేనేళ్ళు నువ్వు ప్రాణం పెట్టి కొట్టిన ప్రతి దెబ్బా మనవాడి మడమ కింద పడింది అనాలి. పొడుగుని మనమే ఓడించి, మనమే తరిమామనాలి. ఆ ముసలాయన తన రెండు అరచేతులనీ ముందు పెట్టుకుని చూసుకుంటున్నాడు, అప్పుడే కడిగి ఆరబెట్టిన వస్తువులని చూసుకున్నట్టు. ఆమె నోరు మూసుకుంది. బల్ల మీది కట్లు రెండూ తీసి కొంగు కింద పెట్టుకుంది. ఇందాక తమ్ముణ్ణి ఏ పనికి తప్పుపట్టిందో ఆ పనే తనూ చేస్తోందని తెలిసింది.

సాయంత్రం అయిదు గంటలకి ఆట. ఎత్తయిన కిటికీల్లోంచి వాలుపొద్దు చెక్క నేల మీద తేనెలా పరుచుకుంది. ఆటగాళ్ళు ఆ వెలుగులో తమ నీడల మీదే పరుగెత్తుతున్నట్టున్నారు. వదిన ఇస్త్రీ చేసిన జెర్సీలు ఇప్పుడు లోపల మనుషులతో కదులుతున్నాయి. బూట్ల కీచులు, బంతి చప్పుడు, పక్కవాళ్ళ కేకలు అన్నీ ఆమెకి దూరంగా, దూది లోంచి వచ్చినట్టు వినిపించాయి. బెంచీ దగ్గర తమ్ముడు ఆ పెద్ద కోటులో నిలబడి ఉన్నాడు. ఆమె వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

మూడో నిమిషంలో ఎడమచెయ్యి బుట్టకిందికి దూసుకుపోయాడు. ఎదుటివాడు భుజంతో తోశాడు. ఈల మోగింది. ఫ్రీ త్రో.

గ్యాలరీ మొత్తం వదిన వైపు తిరిగింది. పైవరసలో స్టీరింగు బాబాయి లేచి నిలబడ్డాడు. పళ్ళ డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. వదిన లేచింది. చేతులెత్తింది. రెండువేల జతల చేతులు ఒక్కసారి లేచాయి, గాలికి లేచిన గువ్వల్లా.

ఆమె చేతులు కలపలేదు.

అరచేతుల మధ్య జానెడు ఖాళీ. ఆ ఖాళీ ఆమె దగ్గర మొదలై మెట్లు మెట్లుగా పైకి పాకి స్టేడియం అంతా నిండింది. ఎవరూ దించలేదు, ఎవరూ కొట్టలేదు. ఆమె కొట్టకపోతే ఎవరు కొడతారు? అంత నిశ్శబ్దం ఆ కప్పు కింద పదిహేనేళ్ళలో లేదు. పైన రేకుల మీద పిట్ట నడిచిన చప్పుడు వినిపించింది.

రిఫరీ బంతిని కెప్టెన్ చేతికి అందించాడు. ఇక అయిదు సెకన్లు. ఆలోగా వెయ్యకపోతే బంతి పోయినట్టే. రిఫరీ చెయ్యి ఊపుతూ లెక్క మొదలుపెట్టాడు.

ఎడమచెయ్యి బంతిని ఒకసారి నేలకి కొట్టాడు. మోకాళ్ళు వంచాడు. ఆగాడు. రావలసింది ఏదో రాలేదన్నట్టు చెవి ఓరగా పెట్టాడు. మడమలు నేలకి అంటుకునే ఉన్నాయి, తమ్ముడు కోరినట్టే. కానీ చేతులు కదల్లేదు. బెంచీ దగ్గర తమ్ముడు ఒకడుగు ముందుకేసి, గీత దాటకూడదని గుర్తొచ్చి ఆగిపోయాడు. ఏం చెప్పాలో, ఎలా అరవాలో తెలియని మనిషిలా నోరు తెరిచి ఉండిపోయాడు.

రిఫరీ చెయ్యి మూడోసారి ఊగింది.

ఎడమచెయ్యి బంతిని గుండెలమీదికి దించేశాడు. కోచ్ వంక చూడలేదు. బుట్ట వంక చూడలేదు. మెడ తిప్పి తూర్పు గ్యాలరీలోకి, తిన్నగా లాండ్రీ వదిన కళ్ళలోకి చూశాడు. దారి తప్పిన పిల్లవాడు తల్లిని వెతుక్కునే చూపు.

"కొట్టు వదినా," అన్నాడు.

గట్టిగా అనలేదు. ఆ నిశ్శబ్దంలో రెండువేలమందికీ వినిపించింది.